బస్తా చిక్కిపోయిన వైనం

ఎలుకను చేత్తో ఎత్తితే చాలు, దాని బరువు గ్రాము తేడా లేకుండా చెప్పేస్తాను. గొప్పలు పోవడం నాకు చేతకాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎలుకల గదిలో పని చేస్తున్నవాణ్ణి. మా తూకం మిషన్‌కి తన మీద తనకు అనుమానం వచ్చినప్పుడల్లా నా వైపు చూస్తుంది. ఒకసారి నాకు జ్వరమొచ్చి రెండు రోజులు సెలవు పెడితే, అది సున్నా దగ్గర నిలబడిపోయి ఏం పెట్టినా కదలలేదని చెప్పుకుంటారు. ఎవరు చెప్పుకుంటారని అడగకండి. నేనే చెప్పుకుంటాను.

పోయిన వారం చదవని వాళ్ళకూ, చదువుతూ నిద్రపోయిన వాళ్ళకూ నాలుగు ముక్కలు చెప్పి అసలు సంగతిలోకి వస్తాను. పరిశోధనశాలలో నన్ను ఎలుకల మామయ్య అంటారు. మూడో అంతస్తులో కారిడార్ చివరి గది నాది. పల్లెటూరి బడిలో ఏడో తరగతితో నా చదువు సరి. ఆపైన నేర్చుకున్నదంతా ఎలుకల దగ్గరే. నా చెల్లెలి కూతురు, అంటే నా మేనకోడలు, అక్కడే డాక్టరేటు చేస్తోంది. ఒళ్ళు లావెక్కి, రక్తంలో చక్కెర పెరిగినవాళ్ళకు ఒక కొత్త మందు పని చేస్తుందా లేదా అన్నది దాని పరిశోధన. నేరుగా మనుషుల మీద మొదలుపెట్టకూడదు. పైగా మనిషి అబద్ధమాడతాడు. నిన్న ఏం తిన్నావంటే, ఏమీ లేదండీ, ఏదో కాస్త అంటాడు. ఎలుకకు ఆ తెలివి లేదు. పెట్టింది తింటుంది, తిన్నది ఒంట్లో చూపిస్తుంది. కొవ్వు మేత పెడితే అచ్చం మనలాగే పొట్ట పెంచుతుంది, చక్కెర తెచ్చుకుంటుంది. మనకు ఇరవై ఏళ్ళు పట్టే పనిని అయిదు నెలల్లో ముగించేస్తుంది.

అందుకని ఒకే ఈడు మగ ఎలుకలు ఇరవై నాలుగు తెచ్చాం. పన్నెండింటికి మామూలు మేత, పన్నెండింటికి కొవ్వు మేత. కొవ్వు మేతవి పన్నెండూ ఒకే స్టాండులో ఉంటాయి, పై అరలో ఆరు పంజరాలు, కింది అరలో ఆరు. వచ్చే నెల మందు మొదలుపెట్టాలి. ఇంతలో మూడు వారాలుగా పై అరలోని ఆరూ చిక్కిపోతున్నాయి. అదే మేత, అదే గది, అదే మామయ్య. చక్కెర కూడా దిగుతోంది. కింది అరలోవి మాత్రం దర్జాగా బలుస్తున్నాయి. మందు పడకముందే సగానికి సగం నయమైపోతే, రేపు మందు పని చేసిందంటే ఎవరు నమ్ముతారు?

మా ప్రొఫెసరుగారిని అందరూ చాటున కొలబద్ద అంటారు. మనిషి నిటారుగా ఉంటారు, మాట నిటారుగా ఉంటుంది, పై జేబులో ఎప్పుడూ ఒక స్టీలు కొలబద్ద ఉంటుంది. శుక్రవారం నాలుగు గంటల్లోగా కారణం చెప్పకపోతే ఈ పని ఆపించి గదిని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు. అదే జరిగితే పిల్లకు అయిదు నెలల కష్టం నీళ్ళపాలు. పని ఆగిపోతే ఎలుకల్ని ఏం చేస్తారో నేను రాయను. అలాంటి గదిలో పని చేసినవాళ్ళకు తెలుసు.

బుధవారం సాయంత్రం మేనకోడలు నా ఎదుట నిలబడి, నువ్వేం మార్చావు మామయ్యా అని అడిగింది. ఏమీ మార్చలేదన్నాను. పోయిన వారం అక్కడ ఆగాం.

గురువారం నాకంటే ముందే వచ్చేసింది. నేను వచ్చేసరికి గది గుమ్మం దగ్గర వేలాడే మార్పుల పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంది. ఈ పుస్తకం గురించి చెప్పాలి. ఎలుకల గదిలో చీమంత మార్పు జరిగినా అందులో రాయాలి, పక్కన సంతకం పెట్టాలి. బల్బు మారినా, మేత బస్తా కొత్తది విప్పినా, ఎవరైనా సెంటు పూసుకుని లోపలికొచ్చినా రాయాల్సిందే. ఎలుక అంత సుకుమారం. గదిలో కొత్త వాసన తగిలితే ఆ పూట తిండి మానేసి మూల కూర్చుంటుంది. నేను ఈ పుస్తకం రాయడంలో ఎవరికీ తీసిపోను. మా బడి మాస్టారు బెత్తంతో దిద్దించిన గుండ్రటి అక్షరాలు. "ఈరోజు కొత్త చీపురు." "తలుపు కిర్రుమంది, నూనె వేశాను, మానింది." "పంజరాలు కడిగే సబ్బు పిన్ని రెండుసార్లు తుమ్మింది. మూడోది ఆపుకుంది." పిల్ల ఇవన్నీ చదివింది. ఆ తుమ్ముల దగ్గర కూడా నవ్వలేదంటే దాని మనసు ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

తర్వాత పరీక్షలు మొదలుపెట్టింది. మేత తూచింది. పంజరంలో పరిచే రంపపు పొట్టును జల్లెడ పట్టి, తినకుండా రాల్చేసిన మేత ఏమైనా ఉందేమోనని పలుకూ పలుకూ ఏరింది. లేదు. ఆరు ఎలుకలూ తిన్నది తిన్నట్టే తింటున్నాయి. గాలి తగులుతోందేమోనని పలచటి కాగితం ముక్క పై అర ముందు పట్టుకుని చూసింది. కాగితం కదల్లేదు. చలి ఎక్కువైందేమోనని రెండు అరల్లోనూ థర్మామీటర్లు పెట్టింది. రెండూ ఒకే మాట చెప్పాయి. తూకం మిషన్ సంగతి సరేసరి. అది చెడిపోయిందని మూడు వారాలుగా నేనే గోల పెడుతుంటే, మంగళవారం మెకానిక్కు వచ్చి ఒక పూటంతా విప్పి చూసి, మిషన్‌కి ఏ జబ్బూ లేదని చెప్పి వెళ్ళాడు. నేను ఆ మెకానిక్కును నమ్మలేదు.

పదకొండింటికి పిల్ల అన్నీ పక్కన పెట్టి నా వైపు తిరిగింది. గది నిండా ఎర్రటి వెలుతురు. ఎలుకలకు రాత్రిపూటే తిరుగుడు. వాటికోసం మేం నిద్ర చెడగొట్టుకోలేం కాబట్టి, గదిలో దీపాలు తారుమారు చేసి, బయట పగలుంటే లోపల రాత్రి అయ్యేలా పెట్టాం. పని చేసుకోవడానికి ఒక ఎర్ర బల్బు వెలుగుతుంది. ఎరుపు ఎలుక కంటికి సరిగా ఆనదు. ఆ వెలుతురులో పిల్ల మొహం వాళ్ళమ్మ చిన్నప్పుడు నా మీద కోపం వచ్చినప్పటి మొహంలా ఉంది.

"మామయ్యా, ఒకటి అడుగుతాను. తిట్టుకోకు. నువ్వు వాటికి మేత మార్చి పెడుతున్నావా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అది మెల్లగా విడమరిచింది. నాకూ చక్కెర జబ్బుంది. డాక్టరు బిస్కెట్లు మాన్పించాడు, రోజూ మూడు పావుగంటలు నడవమన్నాడు. దాని అత్త, అంటే నా భార్య, బిస్కెట్ డబ్బాను ఇంట్లో పద్నాలుగు చోట్ల దాచింది, పద్నాలుగూ నేను కనిపెట్టాను. ఆ బాధలో ఒకరోజు ఎలుకల ముందు నిలబడి, ఈ రోగం పగవాడికి కూడా వద్దు, మీకెందుకర్రా అన్నానట. పిల్ల విన్నది. పై అర నా చేతికి అందే ఎత్తులో ఉంటుంది. కింది అరకు వంగాలి, నాకు నడుం నొప్పి. జాలిపడి పై ఆరింటికీ కొవ్వు మేత తీసేసి మామూలు మేత పెడుతున్నానేమోనని దాని అనుమానం.

చెప్పొద్దూ, నొప్పిగా అనిపించింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క మేత ముద్ద అటుది ఇటు వెయ్యలేదు. చిన్నప్పుడు ఈ పిల్లను ఎత్తుకుని ఇదే గది కిటికీలోంచి ఎలుకల్ని చూపించినవాణ్ణి నేనే. ఆ మాటే అన్నాను. జాలి ఉంది, కాదనను, కానీ నీ కంచంలో మన్ను పోసేంత జాలి నాకెవరి మీదా లేదన్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నమ్మాలనే ఉంది మామయ్యా. రేపు సార్ అడిగితే 'నమ్మాను' అని చెబితే సరిపోదు కదా."

అప్పుడు నాకు పౌరుషం వచ్చింది. ఈ ఎలుకలు నా చేతిలో పెరిగినవి, వాటి ఒళ్ళు నాకు తెలుసు, కావాలంటే పరీక్ష పెట్టుకో అన్నాను. సరేనంది. పై అర చివరి పంజరంలోంచి బస్తాను తీసింది. బస్తా అంటే నేను పెట్టిన పేరే. ఆరు ఎలుకల్లో వాడే గజరాజు. కూర్చుంటే చుట్టూ ఒళ్ళు మడతలు పడి, మూతి విప్పని బియ్యపు సంచీలా ఉండేవాడు. పంజరం మీద వేలాడే చీటీని అరచేత్తో మూసి, వాణ్ణి నా చేతుల్లో పెట్టింది.

"చెప్పు, ఎంత?"

నేను కళ్ళు మూసుకున్నాను. రెండుసార్లు పైకీ కిందికీ ఆడించాను. ఒక నిట్టూర్పు కూడా విడిచాను, అది లేకపోతే రక్తి కట్టదు. "ఆరు వందల ఇరవై నాలుగు" అన్నాను.

తూకం మీద పెట్టింది. అయిదు వందల డెబ్భై ఒకటి.

ఇక దాచి లాభం లేదు. చేత్తో ఎత్తి బరువు చెప్పే విద్య నాకు ఏనాడూ రాదు. పంజరం మీద చీటీ ఉంటుంది, దాని మీద పోయిన వారం బరువు రాసి ఉంటుంది. ఎలుకను ఎత్తే లోపల ఓరగా చూసుకుని, కొవ్వు మేతదైతే ఒక పది కలిపి, మామూలుదైతే నాలుగు కలిపి చెబుతాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తప్పలేదు. ఎలుకలు ఎప్పుడూ పెరిగేవే కదా. ఈ మూడు వారాల్లో ఎలుకలు తగ్గేసరికి నా లెక్క తప్పింది. లెక్క తప్పింది కాబట్టి మిషన్ చెడిపోయిందన్నాను. ఈ పూట చీటీ కనబడలేదు, అందుకని పాత అంకె ఏదో గుర్తుంటే దాన్ని పట్టుకు వేలాడాను. ఇదంతా పిల్లకు చెప్పేశాను. పాపం ఆ మెకానిక్కుకు కూడా మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

అది నన్ను చీవాట్లు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. బస్తాను చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత నెమ్మదిగా దాని మొహం విప్పారింది.

"అంటే నువ్వు కాదు" అంది.

ఎలాగన్నాను. నిజంగా నువ్వు మేత మార్చి ఉంటే, వాడు తగ్గుతాడని నీకు తెలిసే ఉండేది, తెలిసినవాడు యాభై గ్రాములు ఎక్కువ చెప్పడు అంది. తప్పు మిషన్‌దేనని నమ్మి, వాడు చిక్కిపోయాడని నిజంగా తెలియనివాడే ఆరు వందల ఇరవై నాలుగు అంటాడట. నా పరువు పోయిన చోటే నా నిర్దోషిత్వం దొరికింది. ఇలాంటి తీర్పు ఏ కోర్టులోనూ విని ఉండరు.

అప్పటికి మా ఇద్దరి మధ్యా గాలి తేలికైంది. కానీ ప్రశ్న ప్రశ్నగానే ఉంది. మేత కాదు, చలి కాదు, గాలి కాదు, మిషన్ కాదు, మామయ్య కాదు. ఇంకేమిటి? పిల్ల ఒక ఎత్తు స్టూలు తెచ్చుకుని స్టాండు ఎదుట కూర్చుంది. పుస్తకాల్లో ఉన్నవన్నీ అడిగేశాను, ఇక వీటినే అడుగుతాను అంది. ఒక కాగితం మీద గడులు గీసింది. పై అరకో వైపు, కింది అరకో వైపు. ప్రతి ఎలుకా తిన్నా, తిరిగినా, నిద్రపోయినా గడిలో ఒక గీత. నేను పక్కన కుర్చీ వేసుకుని, మాట్లాడకుండా కూర్చోమంటే కూర్చున్నాను. అంతసేపు మాట్లాడకుండా ఉండటం పెళ్ళిచూపుల తర్వాత అదే మొదటిసారి.

కింది అరలో ఎలుకలది రాజభోగం. తిన్నంత తిని, పక్కకు ఒరిగి, పడుకున్న చోటునుంచే మూతి చాపి నీళ్ళ సీసా గొట్టం చప్పరిస్తాయి. తిండీ, నీళ్ళూ, పడకా అన్నీ ఒక్కచోటే. పై అరలో అలా కాదు. బస్తా తిన్నాడు. దాహం వేసింది. లేచి, వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు పంజరం గోడకు ఆనించి, మెడ చాపి, మునివేళ్ళ మీద ఊగుతూ నాలుగు చుక్కలు తాగాడు. కాళ్ళు లాగి దిగిపోయాడు. దాహం తీరలేదు. మళ్ళీ లేచాడు. మళ్ళీ దిగాడు. పక్క పంజరంలోవాడూ అంతే. దాని పక్కదీ అంతే. ఆరుగురూ వరసగా లేచి కూర్చుంటుంటే, మా బడిలో ఎక్కాలు రానివాళ్ళ చేత గుంజీలు తీయించినట్టే ఉంది. చెవులు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

గంట గడిచింది. పిల్ల గీతలు లెక్కపెట్టింది. పై అరలో ఒక్కొక్కటీ ఇరవై రెండూ ఇరవై అయిదూ సార్లు నిలబడ్డాయి. కింది అరలో రెండు మూడు, అదీ ఒళ్ళు విరుచుకోవడానికి. అది పెన్సిలు కింద పెట్టి, ఆ ఎర్ర వెలుతురులో నా వైపు చూడకుండానే అడిగింది.

"మామయ్యా, పై అరలో సీసాలు అంత ఎత్తున ఎందుకున్నాయి?"

"కారుతున్నాయని ఎత్తి కట్టాను" అన్నాను, అదేమంత పెద్ద విషయమని.

సంగతి ఇది. లావెక్కిన ఎలుక సీసా గొట్టానికి వీపు ఆనించి పడుకుంటుంది. మనం గోడకు ఆనుకున్నట్టు. గొట్టం మూతిలో గోళీ ఉంటుంది, వీపు ఒరిపిడికి అది కదిలి చుక్క చుక్కగా నీళ్ళు కారతాయి. తెల్లారేసరికి పంజరంలో పరిచిన రంపపు పొట్టు అంతా ముద్ద. పై అర కారితే కింది అర కూడా తడుస్తుంది. సబ్బు పిన్ని రోజూ నాతో యుద్ధానికి వచ్చేది, నీ ఎలుకలు ఈత నేర్చుకుంటున్నాయా అని. అందుకని ఒక రోజు కట్టుతీగ తెచ్చి, పై అర సీసాలను బెత్తెడు పైకి లాగి, పంజరం మూతకు బిగించి కట్టాను. గొట్టం కొస మాత్రం లోపలికి దిగుతుంది. వీపుకు అందదు. కారడం మానింది. కింది అర కారితే నేలే తడుస్తుంది, తుడుచుకోవచ్చులే అని దాన్ని వదిలేశాను.

"ఎప్పుడు?"

"నాలుగు వారాలైందేమో."

"పుస్తకంలో ఎందుకు రాయలేదు?"

నాకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. పుస్తకం మార్పులకు. ఇది మార్పు కాదు, రిపేరు. సీసా కారితే సరిచేస్తాం, తలుపు ఊడితే బిగిస్తాం. చీపురు మారిస్తే అది కొత్త వస్తువు కాబట్టి రాస్తాను. ఉన్న సీసాను ఉన్న పంజరానికే కాస్త పైన కడితే అందులో రాయడానికేముంది? మూడు తరాలుగా మా గదిలో పని చేసినవాళ్ళం అందరం అలాగే అనుకున్నాం. నాకు పని నేర్పిన పెద్దాయన కూడా రిపేర్లు రాసేవాడు కాదు. పాడైనదాన్ని మళ్ళీ మామూలు చేస్తే ఏమీ జరగనట్టే కదా అనేవాడు.

పిల్ల స్టూలు మీదనుంచి దిగి నేల మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక ఊపిరాడటం లేదు దానికి. మందు కాదు, మాకు కాదు, అయిదు నెలలుగా ఇంత తిని, రోజంతా గుంజీలు తీస్తే చక్కెర దిగిందట. మీ డాక్టరు నీకు నడవమంటే నువ్వు నడవలేదు, ఎలుకల చేత నడిపించావు అంది. నేనేమో, నా వంతు కూడా అవే తీస్తున్నాయి కాబట్టి నాకు ఇంక నడక అక్కర్లేదా అని అడిగాను. అదే ఊపులో ఇందాక కింద పెట్టిన పెన్సిలు తీసి నా మీదికి విసిరింది.

శుక్రవారం నాలుగు కావడానికి అయిదు నిమిషాలుండగా కొలబద్దగారు వచ్చారు. పిల్ల గడుల కాగితం ఇచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మామయ్య అనకుండా, సీసాలు ఎత్తు మారాయి అని మాత్రం అంది. ఎవరు మార్చారని ఆయన అడిగారు. నేను ముందుకొచ్చాను. ఆయన జేబులోంచి కొలబద్ద తీసి, పై అరలో మొదటి పంజరం గొట్టం ఎంత ఎత్తున ఉందో కొలిచారు. కిందిదీ కొలిచారు. తేడా రాసుకున్నారు. తర్వాత స్టూలెక్కి కూర్చుని, గంటసేపు తానే గీతలు గీసుకున్నారు. మేమిద్దరం బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా గోడకు ఆనుకుని నిలబడ్డాం. నాకు కాళ్ళు లాగాయి. బస్తా బాధ అప్పుడు తెలిసింది.

చివరికి దిగి తీర్పు చెప్పారు. ఇది కారణం కావచ్చు, కాకపోనూ వచ్చు. తేల్చుకోవడానికి దారి ఒకటే. పై అర సీసాలు దించండి, కింది అర సీసాలు ఎత్తండి. నాలుగు వారాలు చూడండి. బరువులు కూడా సీసాల వెంట అటూ ఇటూ మారితే, మందు సంగతి తర్వాత, ముందు ఇదే రాసుకోదగ్గ పరిశోధన. మారకపోతే గది ఖాళీ చేయండి. పిల్ల మొహం చూడాలి అప్పుడు. నాలుగు వారాలు అంటే దానికి నాలుగేళ్ళు ఆయుష్షు పోసినట్టుంది.

ఆయన గుమ్మం దగ్గర ఆగి నా భుజం మీద చెయ్యి వేశారు. "మామయ్యగారూ, చదువుకున్నవాళ్ళం పదిమందిమి చూడనిది మీ చేయి చూపించింది. మీలాంటివారు ఒక్కరుంటే చాలు" అన్నారు.

అయితే షరతు ఒకటి పెట్టారు. మార్పుల పుస్తకం తెప్పించి, తన పెన్ను నా చేతికిచ్చారు. ఎన్ని సీసాలు, ఎవరు ఎత్తారు, ఇప్పుడు రాసి సంతకం పెట్టమన్నారు. "ఈ పంజరాల మీద రాయని చెయ్యి ఇంకోటి పడిందని తెలిస్తే, ఆ రోజే గదికి తాళం వేస్తాను. ఆమె చెప్పే ఏ అంకెనూ అప్పుడు నేను నమ్మలేను" అన్నారు. అందులో కోపం లేదు. కొలిచి చెప్పిన మాట. నేను గుండ్రటి అక్షరాలతో రాశాను: "పై అర సీసాలు ఆరు. ఎత్తి కట్టినది నేనే." కింద సంతకం చేశాను. ఆయన చదివి, తనూ సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

పిల్ల నన్ను కావిలించుకుంది. సబ్బు పిన్ని తలుపు సందులోంచి తొంగిచూసి, గండం గడిచిందా అని సైగ చేసింది. గడిచిందని నేనూ సైగ చేశాను. ఇక సీసాలు దించడం మొదలుపెట్టాం. నేను పట్టుకారుతో కట్టుతీగ తెంపుతుంటే, పిల్ల సీసాను కిందికి దించి మామూలు ఎత్తున పెట్టి, పుస్తకంలో గంట, నిమిషం రాస్తోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు.

ఆరోది బస్తా పంజరం. పట్టుకారు పెట్టబోయి ఆగాను. అక్కడ తీగ లేదు.

సీసా ఎత్తుగానే ఉంది. కానీ దాన్ని కట్టింది నీలం దారంతో. మూడు పోగులు జడలా అల్లిన దారం. ముడి నాది కాదు. నేను తీగ మెలిపెట్టి వదిలేస్తాను. ఇది రెండు చుట్లు వేసి, కొసలు కనబడకుండా లోపలికి దోపిన ముడి. ఓపిక ఉన్న చెయ్యి. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ రోజు అయిదో సీసా దగ్గరే తీగ అయిపోయింది. ఇంకాస్త తెద్దామని కిందికి వెళ్ళి, అక్కడ ఎవరో పలకరిస్తే కబుర్లలో పడి మరిచిపోయాను. అర మీద పంజరాలు ఆరు కాబట్టి, కట్టినవీ ఆరే అనుకుంటూ వచ్చాను.

"నువ్వు కట్టావా?" అని పిల్లను అడిగాను. అది తల అడ్డంగా ఊపింది. "నువ్వు కాదా?" అంది. నేనూ ఊపాను.

అది ఒక్క పరుగున బరువుల కాగితాలు తెచ్చింది. బస్తా వరస మీద వేలు పెట్టి వెనక్కి జరుపుకుంటూ పోయింది. వేలు ఒకచోట ఆగింది. మిగతా అయిదూ తగ్గడం మొదలైన వారానికి ముందు వారమే బస్తా తగ్గాడు. అప్పట్లో ఏదో తూకంలో పొరపాటనుకుని వదిలేసిందట. నేను కట్టిన వారానికి గానీ మిగతావి తగ్గలేదు. అంటే నేను తీగ పట్టుకుని ఆ గదిలోకి రాకముందే ఆ దారం అక్కడ ఉంది. నేను చూడలేదు. సీసా ఎత్తితే ఏమవుతుందో నాకు తెలియదు. ఆ ముడి వేసినవాళ్ళకు తెలుసు.

పుస్తకంలో నా సంతకం తడి ఇంకా ఆరలేదు. ఆరు, నేనే, అని ఉంది. పిల్ల తలుపు వైపు చూసింది, కొలబద్దగారిని వెనక్కి పిలవాలా అన్నట్టు. నేను పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను. కారిడార్లో ఎవరివో అడుగులు ఆగిన చప్పుడైంది.

ఈ వారం రాసినదాంట్లో ఒక్క ముక్క నేను కల్పించాను, ఒప్పుకుంటాను. కొలబద్దగారు నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, మీలాంటివారు ఒక్కరుంటే చాలని అనలేదు. సంతకం అయ్యాక ఆయన నాతో అన్నది ఒకటే, "నా పెన్ను ఇవ్వండి." కాస్త పొగడ్త పడితే కథకు అందం వస్తుందని నేనే పెట్టుకున్నాను. నీలం దారం మాత్రం కల్పన కాదు. కల్పనే అయి ఉంటే ఈపాటికి తెంపి పారేసి హాయిగా ఉండేవాణ్ణి.